మేనా తలుపులకు వేసిన రంధ్రాలు

మా ముత్తాత తాళ్ళవలస జగన్నాథ రావు గారు పధ్నాలుగు గ్రామాలకు దొర. నాగావళి దాటి వచ్చే ఏ అధికారి అయినా, తెల్లవాడైనా సరే, మా లోగిలి ముందు గుర్రం దిగి నడిచి లోపలికి రావలసిందే. ఆయన కొడుకు, మా తాతగారు రామచంద్ర రావు గారు, ఆ గ్రామాల్లో పదకొండింటిని జమీందారీ రద్దు చట్టానికీ, మిగిలిన మూడింటిని తన అలవాట్లకూ వదులుకున్నారు. అయినా ఆయన పోయేనాటికి కూడా ఊళ్ళో ఎవరూ ఆయన ఎదుట కుర్చీలో కూర్చోలేదు. ఆయన కొడుకు, మా నాన్నగారు వేణుగోపాల రావు గారు, ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా. ఆయన కొడుకును నేను. కార్ల తలుపుల లోపల స్పీకర్లు పట్టే పలకలు చేసి బతికాను. వరసగా ఇలా రాస్తే మెట్లు దిగినట్టు కనిపిస్తుంది. నిజమే కనుక దాచను. కానీ మెట్లు దిగేటప్పుడు కూడా మా వాళ్ళెవరూ వెన్ను వంచలేదు. ఆ గుణం నాకూ వచ్చింది. దానివల్ల జరిగిన అన్యాయం ఒకటి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోయిన నెల నా భార్య అన్న కొడుకు కిరణ్ కొత్త కారు కొని, చూపించడానికి ద్వారకలోని మా ఫ్లాటుకు తెచ్చాడు. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం; ఇక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం హిందీలో వస్తుంది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి పాట పెట్టాడు. లోపల పన్నెండు స్పీకర్లున్నాయట, ఒక్కటీ కనిపించదు. నేను అలవాటు కొద్దీ తలుపు లోపలి పలక అంచు కింద వేలు పెట్టి, అతుకు ఎక్కడుందో వెతికాను.

“మామయ్యా, ప్లీజ్, ఉసే మత్ ఛేడో. క్లిప్ ఊడితే వారంటీ పోతుంది,” అన్నాడు.

“ఇది ఎవరు చేశారు?”

“ఎవరు చెయ్యడమేంటి? మెషీన్ మే బన్‌తా హై. డిబ్బాలో అన్నం ఒత్తినట్టు ఒత్తేస్తారు.”

వేలు వెనక్కి తీసుకున్నాను. కొత్త ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగిలింది. అది మా కాలపు రెజిన్ వాసన కాదు, దానికి దూరపు చుట్టం.

అప్పట్లో సరోజినీ నగర్‌లో మాకు రెండు గదుల సర్కారు క్వార్టరు ఉండేది. ఇప్పుడు ఆ వరసంతా కూల్చి టవర్లు లేపుతున్నారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాన్నగారు, ఆయన తల్లి మా మామ్మ, నేను. నాన్నగారు తెల్లవారకముందే లేచి, కుళాయిలో నీళ్ళు వచ్చే అరగంటలో స్నానం ముగించి, గంజి పెట్టిన చొక్కా తనే ఇస్త్రీ చేసుకొనేవారు. చాకలికి ఇస్తే మా ఇంటి బట్టలు పక్కింటి వాళ్ళ బట్టలతో కలుస్తాయని ఆయన బాధ. బస్సులో కూర్చునే చోటు దొరికినా ఆఫీసుదాకా నిలబడే వెళ్ళేవారు. గుమాస్తాల పక్కన కూర్చోవలసి వస్తుందట. తను కూడా గుమాస్తానే అన్న సంగతి ఆయన లెక్కలోకి వచ్చేది కాదు. పక్క క్వార్టరు శర్మగారు ఎంతో మర్యాదగా పండగ మిఠాయి పంపిస్తే, తీసుకొని, నవ్వి, తలుపు వేసి, వెనక సందులో ఆవుకు పెట్టించేవారు. పెట్టవలసింది నేనే. ఒకసారి శర్మగారి భార్య పై మేడ మీదనుంచి అది చూసింది. ఆ తర్వాత కూడా మిఠాయి పంపేది, కానీ సగమే.

మామ్మ మంచం వెనక, గోడకు ఆనించి, మేనా తలుపులు రెండు నిలబెట్టి ఉండేవి. మేనా అంటే నాలుగు వైపులా మూసి ఉండే పల్లకీ. మా ఇంటి ఆచారంలో ప్రతి కోడలికీ ఒక మేనా కొత్తగా చేయించేవారు. ఆమె అందులో అత్తవారింటికి వచ్చేది. పోయినప్పుడు ఆ మేనా తలుపులు ఆమె చితి మీద పెట్టేవారు. ఆ తలుపుల వెనక ఆమె కూర్చుంది కనుక ఇంకొకతె కూర్చోకూడదని. ఊళ్ళో లోగిలి పోయినప్పుడు మేనా బొంగు, పైకప్పు, ఇత్తడి పొన్నులు అన్నీ పోయాయి. తలుపులు మాత్రం నాన్నగారు గోనెల్లో చుట్టి, రైల్లో తన సీటు పక్కనే నిలబెట్టుకొని ఢిల్లీ తెచ్చారు. “అమ్మా, ఇవి నీవి. నీతోనే వస్తాయి,” అని మాట ఇచ్చారు. మామ్మ ఆ మాట ఒకటికి పదిసార్లు చెప్పించుకొనేది. తన చావు గురించి ఆమెకు వేరే కోరిక లేదు. మా అమ్మ రైల్లో కాపురానికి వచ్చింది. ఆమెకు మేనా లేదు. ఆమె పోయినప్పుడు ఆమెతో ఏమీ కాలలేదు.

ఆ తలుపులు ఇరుగుడు చేవతో చేసినవి. దుకాణాల్లో రోజ్‌వుడ్ అంటారే, అది. నల్లగా, బరువుగా, లోపల ఊదా రంగు చారలతో ఉండేవి. ఒక్కో తలుపు మీద ద్రాక్ష తీగ, దాని మధ్య ఎదురెదురుగా రెండు చిలకలు చెక్కి ఉండేవి. శుక్రవారం ఉదయం మామ్మ నువ్వుల నూనెలో గుడ్డ ముంచి, చిలకల ముక్కులనుంచి కాళ్ళదాకా తుడిచేది. చెక్క నూనె తాగేసేది. మే నెలలో ఢిల్లీ వడగాడ్పు కిటికీ సందుల్లోంచి కొడుతుంటే, ఆమె మంచం మీద కూర్చొని, వీపు ఆ తలుపులకు ఆనించి, జుట్టు దువ్వుకొనేది. “ఇవి చల్లగా ఉంటాయిరా. మీ ముత్తాతగారి వరండాలాగ,” అనేది. నూనె, పాత చెక్క, ఆమె తలకు రాసుకున్న ఆముదం, ఈ మూడూ కలిసిన వాసన ఆ గదిలో నిలిచి ఉండేది.

నాన్నగారికి నేను కలెక్టరు కావాలని. ఆశపడి కాదు, ఒకప్పుడు మా గుమ్మం ముందు నిలబడ్డ ఉద్యోగం మా ఇంట్లోకి రావడం న్యాయమని. కరోల్ బాగ్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేర్పించారు. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ మొదటి గడపలోనే పోయాను. మూడోసారి ఫలితం వచ్చిన రోజు ఆయన పేపరు మడిచి, “మన ఇంట్లో మందబుద్ధులు లేరు, బాబూ. మీ అమ్మ తరఫున చూడాలి,” అన్నారు. మా ఇంట్లో కొడుకులను కూడా మీరు అనే పిలిచేవారు. తిట్టినా ఆ గౌరవం తప్పేది కాదు.

కోచింగ్ సెంటర్ వెనక సందంతా కార్లకు సామాన్లు బిగించే దుకాణాలే. అందులో నసీమ్ ఉస్తాద్ అని సహారన్‌పూర్ నుంచి వచ్చిన వడ్రంగి ఉండేవాడు. తాత, తండ్రి చెక్క మీద పువ్వులు చెక్కినవాళ్ళు. ఇతను కార్ల తలుపులకు స్పీకరు పలకలు చేసేవాడు. నేను క్లాసు ఎగ్గొట్టి అతని గుమ్మం దగ్గర నిలబడి చూసేవాణ్ణి. ఒకరోజు తలెత్తకుండానే అన్నాడు:

“ఏం చూస్తున్నావ్, కలెక్టర్ సాబ్? క్లాస్ అయిపోయిందా, తరిమేశారా?”

“అయిపోయింది.”

“అయితే లోపలికొచ్చి ఈ గుడ్డ అంచు పట్టుకో. లాగు. ఇంకా లాగు. చదువుకున్నోళ్ళకి లాగడం కూడా నేర్పాలా?”

అలా మొదలైంది. తలుపు లోపలి పలక విప్పి, అట్టముక్క మీద దాని ఆకారం గీసుకొనేవాళ్ళం. స్పీకరు కూర్చొనే చక్రాన్ని ఎం.డి.ఎఫ్. పలకతో కోసేవాళ్ళం. చెక్క పొట్టును జిగురుతో ఒత్తి చేసిన పలక అది. ఆ చక్రం డ్రైవరు చెవివైపు తిరిగేలా పుల్లలతో ఎత్తి నిలిపి, దాని మీదుగా పాత బనియను గుడ్డ బిగించి లాగి, గుడ్డ మీద రెజిన్ పూస్తే అది ఎముకలా గట్టిపడేది. దాని వెనక గాజు నార, పైన లప్పం, గరుకు కాగితంతో రుద్దడం, చివర రెక్సిన్. మే నెలలో రెజిన్ గిన్నెలోనే గడ్డకట్టేది. జనవరిలో బల్బు వెలిగించి దగ్గర పెట్టినా రోజంతా జిగటగానే ఉండేది. గాజు నార చేతుల్లోకి దిగి దురద. రెజిన్ ఘాటు జుట్టులోకి, కనురెప్పల్లోకి పోయేది. నాకు గీత బాగా వచ్చునని ఉస్తాద్ కనిపెట్టాడు. మెచ్చుకోలేదు. పెన్సిలు నా వైపు విసిరాడు, అంతే.

ఏడాది పాటు లైబ్రరీకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. నాన్నగారి ఆఫీసువాడొకడు తన కారుకు సీటు కవర్లు వేయించుకోవడానికి ఆ సందులోకి వచ్చి, గోనె మీద కూర్చొని ఒకడి కారు తలుపు రుద్దుతున్న నన్ను చూశాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బాల్కనీలో, చీపురు పెట్టే చోటు పక్కన, కొత్త అల్యూమినియం కంచం ఒకటి ఉంది.

“పనివాళ్ళకు మన ఇంట్లో భోజనం వరండాలో,” అన్నారు నాన్నగారు. “పద్ధతి మారదు. కూర్చోవోయ్.”

బాబూ పోయింది, మీరు పోయింది. ఆ రోజునుంచి ఏమోయ్ అయ్యాను. ఆయన గొంతు పెంచలేదు, చెయ్యెత్తలేదు. తొమ్మిది నెలలు ఆ బాల్కనీలో తిన్నాను. చలికాలంలో పప్పు కంచంలో పడీ పడకముందే చల్లబడేది. మామ్మ గుమ్మం లోపలినుంచి వంగి వడ్డించేది. గడప దాటనిచ్చేవారు కాదు. ఎదుటి మేడ వాళ్ళు మొదట్లో చూసేవారు, తర్వాత అలవాటైపోయింది. నేను వేరే గది చూసుకొని వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. వెళ్తే ఆయన గెలిచినట్టు. ఆ కంచం ముందు వీపు నిటారుగా పెట్టి కూర్చొని, ఆయన కళ్ళెదుట ఆఖరి మెతుకుదాకా తినేవాణ్ణి.

ఆ చలికాలం చివర మల్హోత్రా అనే బిల్డరు గుర్‌గావ్ నుంచి పెద్ద విదేశీ కారు తెచ్చాడు. నాలుగు తలుపులకూ చెక్క పలకలు కావాలి, ఢిల్లీలో ఇంకెవరి కారులోనూ ఉండకూడదు.

“పొట్టు పలక మీద పల్చటి చెక్క పొర అంటిద్దాం, సాహెబ్,” అన్నాడు ఉస్తాద్. “చూడ్డానికి అసలుదే.”

“చూడ్డానికి అసలువి నా పెళ్ళాం నగల్లో చాలా ఉన్నాయి. నాకు అసలుదే కావాలి.”

నేను పక్కనుంచి, “మా ఇంట్లో ఉంది. అరవై ఏళ్ళు దాటినా రంగు దిగని చేవ,” అన్నాను.

మల్హోత్రా వెళ్ళాక ఉస్తాద్ కడుపు పట్టుకొని నవ్వాడు. “రాజా సాబ్, పడిపోయిన ప్రతివాడి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. మన సందు చివర టీ అమ్మేవాడు కూడా నవాబు మనవడే. చూపించమంటే ఒక్కడి దగ్గరా ఏమీ ఉండదు. బాల్కనీలో తింటావని నువ్వే చెప్పావు కదా, ఆ బాల్కనీ కింద ఖజానా ఉందా?”

నా జీవితంలో నేను ఏ పనికైనా కారణం వెతుక్కొని చేశాను. దీనికి మాత్రం వెతుక్కోలేదు. ఆ నవ్వు ఆగాలి. నాన్నగారి కంచానికి జవాబు చెప్పాలి. ఈ రెండే. మామ్మ ఆ లెక్కలో లేదు. ఆమె గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. పక్కన పెట్టాను.

నాన్నగారితో, తలుపుల వెనక చెద కనిపించిందనీ, కీర్తినగర్‌లో పాత సామాన్లకు పాలిష్ చేసే వడ్రంగి తెలుసుననీ చెప్పాను. ఆయన చాలాసేపు నా ముఖం చూశారు. తనే గోనెలు తెచ్చి, తనే తలుపులు చుట్టి, ఆటో దాకా మోశారు. “ఇన్నాళ్ళకు మన ఇంటి పని ఒకటి చేస్తున్నారు, బాబూ,” అన్నారు. ఆ సాయంత్రం నా కంచం లోపల, ఆయన పక్కన, పీట మీద పెట్టి ఉంది. స్టీలు కంచం. నేను కూర్చున్నాను. తిన్నాను. నిజం చెప్పగలిగిన పూట అదొక్కటే. చెబితే మళ్ళీ చీపురు పక్కకు వెళ్ళాలి.

గోనె విప్పగానే ఉస్తాద్ నవ్వు ఆగింది. తలుపు మీద అరచేయి ఆనించి, వంగి వాసన చూశాడు.

“మా అబ్బాజాన్ చేతికి కూడా ఇలాంటిది రాలేదు,” అన్నాడు. “తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే పెట్టెయ్యి. నేను తప్పు మాట అన్నాను.”

“కోద్దాం.”

“వినవోయ్. ఇది చెడిపోతుందనే కాదు, పనికి రాదు కూడా. స్పీకరు వెనక చచ్చిన చెక్క ఉండాలి. పొట్టు పలకకి తండ్రి లేడు, తాత లేడు, నోరు మూసుకొని ఉంటుంది. ఖాందాన్ ఉన్న చెక్క ఊరుకోదు. పాట వచ్చినప్పుడల్లా తన పాట తను పాడుతుంది.”

“నేనే కోస్తాను.”

“నువ్వే కొయ్యి. నా రంపం ముట్టుకో, నన్ను మాత్రం ఇందులోకి లాగకు,” అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

కొయ్యడానికి ముందు నకళ్ళు చేశాను. చెక్కుడు మీద మైనం రాసి, దాని మీద రెజినూ గాజు నారా వేసి అచ్చు తీశాను. ఆ అచ్చులో నల్ల రంగు కలిపిన రెజిన్ పోసి తీగను, నాలుగు చిలకలను పోతపోశాను. ఎం.డి.ఎఫ్. పలకల మీద చెక్క పొర అంటించి, వాటిని అతికి, రంగు దిద్ది, మెరుగు కొట్టాను. వారం పట్టింది. ఒక చిలక ముక్కు పాతదానిలో అరిగి ఉండేది. ఆ అరుగుదలను కూడా దించాను. ముప్పై ఏళ్ళు ఈ పని చేశాను. నేను చేసిన వాటన్నిటిలోకి గొప్ప పని అదే. ఇప్పటికీ ఆ మాట అనక తప్పదు. తర్వాత అసలు తలుపులను తలా రెండుగా కోసి, నాలుగు ముక్కలకూ చిలక మెడ దగ్గర ఎనిమిదంగుళాల గుండ్రటి రంధ్రం వేశాను. రంపం పళ్ళకింద ఊదా రంగు పొడి రాలింది. సందంతా గులాబీ నీళ్ళు చల్లినట్టు వాసన. పక్క దుకాణం వాళ్ళు వచ్చి, “క్యా కాట్ రహే హో, భాయ్?” అని అడిగారు. మా నాయనమ్మ పల్లకీ అని గర్వంగా చెప్పాను. ఆ నాలుగు ముక్కలనూ మల్హోత్రా కారు తలుపులకు బిగించాను.

నకళ్ళు ఇంటికి తెచ్చినప్పుడు నాన్నగారు వాటి మీద చెయ్యి రాసి, “ఇదీ పనంటే. నిన్న పుట్టినట్టున్నాయి,” అన్నారు. శుక్రవారం మామ్మ గుడ్డ నూనెలో ముంచి తుడిచింది. నూనె పైనే బొట్లు బొట్లుగా నిలబడింది.

“తాగట్లేదురా.”

“కొత్త పాలిష్ కదా, మామ్మా.”

“అలాగా.” చీర చెంగుతో ఆ నూనెంతా ఒత్తి తీసింది. వీపు ఆనించి కూర్చుంది. కాసేపటికి ముందుకు జరిగి, మళ్ళీ ఆనించి చూసింది. నాన్నగారు అవతలి గదిలో చొక్కా ఇస్త్రీ చేస్తున్నారు. ఆమె ఆ గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, ఎప్పుడూ కూర కావాలా అని అడిగే గొంతుతోనే అంది:

“మీ తాతగారు నా నగలు నన్నడక్కుండా అమ్మేశారు. మీ నాన్న నా పుట్టింటి పొలం నన్నడక్కుండా అమ్మాడు. నువ్వొక్కడివే మిగిలావనుకున్నాను. మజ్జిగ తాగుతావా?”

తాగుతానన్నాను. ఆమె గ్లాసు నిండా పోసి ఇచ్చింది. ఆ తర్వాత శుక్రవారాలు నూనె పెట్టలేదు. మంచం మాత్రం ఎవరినీ కదపనివ్వలేదు. గది సున్నాలకు కూడా ఒప్పుకోలేదు. నాకు నీరసం, నేను పోయాక వేసుకోండి అనేది. నాన్నగారు తలుపుల దగ్గరకు వస్తే ఏదో ఒక పని చెప్పి పంపేది. అది నా మీద జాలి అని చాలాకాలం అనుకున్నాను. కాదు. కొడుకు ముందు తన మనవడు దొంగగా నిలబడితే ఆ సిగ్గు తనది కూడా అవుతుందని. ఆమె కూడా మా ఇంటిదే.

వానాకాలం వచ్చేసరికి మల్హోత్రా కారు మళ్ళీ మా సందులోకి వచ్చింది. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా నాలుగు తలుపులూ గుర్రుమంటున్నాయి. వడగాడ్పుకు ఎండి, వానకు ఉబ్బి, రెండు ముక్కలు రంధ్రం దగ్గర చీలాయి. అతను పాట పెద్దగా పెట్టి, సందులో అందరికీ వినిపించేలా అన్నాడు: “విన్నావా, మద్రాసీ? మీ నాయనమ్మ నా కారులో కూర్చొని ఏడుస్తోంది. దింపుకో.”

సందంతా నవ్వింది. ఉస్తాద్ ఒక్కడు నవ్వలేదు. ఆ నాలుగు ముక్కలు విప్పి, పొట్టు పలకలు బిగించి, రెక్సిన్ వేసి పంపించాడు. అవి చప్పుడు లేకుండా కూర్చున్నాయి. చెక్క ముక్కలను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, “ఇవి నా దుకాణంలో అద్దెకున్నాయి. ఎప్పుడు తీసుకెళ్తావో నీ ఇష్టం,” అన్నాడు. నేను తీసుకెళ్ళలేదు. తీసుకెళ్తే ఎక్కడ పెట్టాలి?

మామ్మ ఆ జనవరిలో పోయింది. మూడు రోజుల జ్వరం. ఆమె శ్వాస ఆగిన ఉదయం నాకు ఒక పూట సమయం ఉంది. కరోల్ బాగ్ వెళ్ళి, అటక మీదనుంచి ఆ ముక్కలు దించి, చీలినవైనా, రంధ్రాలున్నవైనా, ఆమెవి ఆమెకు ఇవ్వవచ్చు. అలా చేస్తే నాన్నగారు, విశాఖనుంచి వస్తున్న చుట్టాలు, ఆఫీసు తెలుగువాళ్ళు, అందరూ ఆ రంధ్రాలు చూస్తారు. నేను ఇంట్లోనే ఉండి, వచ్చినవాళ్ళకు టీ అందించాను. దీన్ని మెత్తగా రాసే మార్గం నాకు తెలియదు.

యమున ఒడ్డున చితి పేర్చాక నాన్నగారు తలుపులు రెండూ తనే మోసుకొచ్చారు. చలిలో ఒంటి మీద ఒక్క ఉత్తరీయం. పొగమంచులో నిలబడి, చుట్టాలకు, ఆఫీసువాళ్ళకు, అర్థం కాకపోయినా పద్ధతిగా వచ్చి నిలబడ్డ శర్మగారికి కూడా, ఆ మేనా ఎక్కడ చేయించారో, దాన్ని ఎనిమిదిమంది బోయీలు ఏ దారిన మోశారో, తన తల్లి ఏ వయసులో అందులో వచ్చిందో చెప్పారు. ఆయన అంతసేపు మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. తర్వాత ఒక తలుపు కుడివైపు, ఒకటి ఎడమవైపు ఆనించి నిప్పు పెట్టారు.

కట్టెలు అంటుకున్న కాసేపటికి చిలకలు కారడం మొదలుపెట్టాయి. ముందు ముక్కులు, తర్వాత మెడలు. నల్లగా, జిగటగా పొగ లేచి జనం మీదికి వచ్చింది. ముక్కులు మూసుకొని అందరూ వెనక్కి జరిగారు. పైపొర చుట్టలు చుట్టుకొని ఊడిపోయింది. లోపలి పలక తడిసిన రస్కులా పొరలు పొరలుగా ఉబ్బింది. ఘాట్‌లో చితులు చూసుకొనే మనిషి పొడుగు కర్ర తీసుకొని వచ్చి, ఏ మాత్రం దురుద్దేశం లేకుండా, తన పని మాటగా అన్నాడు:

“బాబూజీ, ఇది లక్డీ కాదు. బురాదా హై, పొట్టు. మీద ప్లాస్టిక్ పోశారు. ఇది పక్కకు లాగెయ్యనా? మాతాజీకి పొగ ఎక్కువవుతోంది.”

“లాగెయ్యి,” అన్నారు నాన్నగారు.

అతను ఆ రెండు పలకలనూ కర్రతో తోసి, పక్కన ఇసుకలో పడేశాడు. అవి అక్కడ వేరేగా కాలాయి. నాన్నగారు నా వైపు తిరగలేదు. చితి ఆరేదాకా వెన్ను నిటారుగా నిలబడ్డారు. పదమూడో రోజు చుట్టాల ముందు భోజనాల దగ్గర విశాఖ పెద్దాయన ఒకరు, వంశం నిలబెట్టడానికి మనవడున్నాడు కదా అని ఓదార్పుగా అన్నారు. నాన్నగారు విస్తరిలో చెయ్యి కడుక్కొని, “మా వంశం మా అమ్మతో సరి,” అన్నారు. ఆయన ఆ తర్వాత పదకొండేళ్ళు బతికారు. ఒకే ఇంట్లో ఉన్నాం. జ్వరం వస్తే మందు ఇచ్చాను, పోతే కొరివి పెట్టాను. తలుపుల గురించి ఒక్కసారి కూడా అడగలేదు. మామ్మకు తెలుసునన్న సంగతి నేను ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయనకు కొంత ఊరట కలిగేదేమో. ఆ ఊరట ఆయనకు ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

కిరణ్ కారు సంగతి తర్వాత ఆలోచించాను. వాడి పలక ఎవరి చేతిమీదా పుట్టలేదు, ఎవరి తలుపూ కోసి చేసింది కాదు, చీలదు, ఏడవదు. అంతా నోరు మూసుకున్న చెక్కే, చెక్క కూడా కాదు. ఆ రోజుల్లో మేము చేసిన పలకలు వాటిముందు నాటుగా కనిపిస్తాయి. అప్పుడు మనుషులు ఒకరినొకరు బాల్కనీలో కూర్చోబెట్టేవారు, ఇప్పుడు వారానికోసారి ఫోనులో పలకరించుకుంటారు. ఇప్పటిదే మేలు అని ఎవరైనా అంటే వాదించను. బాల్కనీ విషయంలో నాన్నగారిది తప్పు. నా చేతి పనికి నేను ఎన్నడూ సిగ్గుపడలేదు. ఆ ఒక్క వారం చేసిన పనికే.

మామ్మ పదమూడో రోజు దాటాక కరోల్ బాగ్ వెళ్ళాను. ఉస్తాద్ అటక మీదనుంచి మూట దించి ఇచ్చాడు. దాన్ని ఆటోలో కీర్తినగర్ తీసుకెళ్ళి, నాలుగు ముక్కలనూ పాత చెక్క కొనేవాడికి అమ్మేశాను. రంధ్రాలున్నాయి కనుక అతను వాటిని తూకానికే తీసుకున్నాడు.